గీత ఒకటి ఉండాల్సిన చోట మూడు కనిపిస్తే: అయస్కాంత శ్వేతకుబ్జాల జంటల స్పెక్ట్రమ్ చదవడం ఎలా

ఒక శ్వేతకుబ్జం స్పెక్ట్రమ్ తెరిచారు. 6563 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర హైడ్రోజన్ ఆల్ఫా గీత ఒక్కటే లోతుగా దిగి ఉండాలి. ఉంది, కానీ దానికి ఎడమ పక్కన ఒక చిన్న గుంట, కుడి పక్కన ఇంకో చిన్న గుంట, రెండూ దాదాపు సమాన దూరంలో. మొదటిసారి చూసినవాళ్లు ఇదేదో నాయిస్ అనుకుని ఫైలు మూసేస్తారు. మూయకండి. ఆ నక్షత్రం మీద లక్షల గాస్‌ల అయస్కాంత క్షేత్రం ఉందని ఆ రెండు గుంటలూ చెబుతున్నాయి, పైగా ఆ క్షేత్రం ఎంతో మీరు స్కేలూ పెన్సిలూ పట్టుకుని కూడా కొలవొచ్చు. ఆ కొలవడం ఎలాగో, ఆ నక్షత్రానికి ఒక జోడీ ఉంటే ఏ గీత ఎవరిదో తేల్చడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. బీఎస్సీ స్థాయి ఫిజిక్స్, కొంచెం పైథాన్ వచ్చినవాళ్లు ఎవరైనా చేయొచ్చు. డేటా అంతా ఉచితం.

ముందే ఒక మాట చెప్పేస్తాను, ఎందుకంటే కింద ఏం చేసినా దీని చుట్టూనే తిరుగుతాం: రెండో గీత ఒప్పుకునే దాకా మొదటి గీత చెప్పింది నమ్మొద్దు. హెచ్-ఆల్ఫా ఏం చెప్పినా హెచ్-బీటాని, అదే 4861 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరుండే తర్వాతి హైడ్రోజన్ గీతని, కూడా అడగండి. ఈ రంగంలో జరిగే తప్పుల్లో సగం ఒకే గీతని నమ్మడం వల్ల జరిగేవే.

శ్వేతకుబ్జం అంటే మన సూర్యుడి లాంటి నక్షత్రం ఇంధనం అయిపోయాక మిగిలే గట్టి బొగ్గు ముద్ద లాంటిది, సూర్యుడిలో సగానికి పైగా ద్రవ్యరాశి భూమి అంత సైజులో కుక్కి ఉంటుంది. భూమి మీద అయస్కాంత క్షేత్రం అర గాస్ ఉంటుంది, ఆసుపత్రిలో మామూలు ఎంఆర్‌ఐ మెషిన్ 1.5 టెస్లా, అంటే 15,000 గాస్. మనం మాట్లాడేది మెగాగాస్‌లలో, ఒక మెగాగాస్ అంటే పది లక్షల గాస్, 100 టెస్లా. జంటల్లో ఇవి ముఖ్యంగా రెండు రకాలుగా దొరుకుతాయి. ఒకటి, రెండూ శ్వేతకుబ్జాలే అయి వాటిలో ఒకదానికి మాత్రం గట్టి క్షేత్రం ఉండటం. రెండోది, అయస్కాంత శ్వేతకుబ్జం పక్కన ఒక అరుణకుబ్జం, అంటే సూర్యుడికన్నా చిన్నదీ చల్లనిదీ అయిన ఎర్రటి నక్షత్రం, ఉండి, దాని నుంచి వాయువు ధారగా వచ్చి శ్వేతకుబ్జం ధ్రువాల మీద పడుతూ ఉండటం. ఈ రెండో రకాన్ని పోలార్లు అంటారు. మొదటిదానికి ఎన్‌ఎల్‌టీటీ 12758, రెండోదానికి ఏఎం హెర్క్యులిస్, ఈ రెండింటినే ఉదాహరణలుగా పట్టుకుంటాను.

ఇంత శ్రమ ఎందుకు అంటారేమో. వాయువు మార్పిడి జరుగుతున్న జంటల్లో సుమారు మూడో వంతు శ్వేతకుబ్జాలకి గట్టి అయస్కాంత క్షేత్రం కనబడుతోంది. వాయువు మార్పిడి ఇంకా మొదలవని, శ్వేతకుబ్జమూ అరుణకుబ్జమూ విడివిడిగా తిరుగుతున్న జంటల్లో మాత్రం అలాంటివి చాలా అరుదు. ఆ జంటలే తర్వాత ఈ జంటలుగా మారతాయి కదా, మరి క్షేత్రం మధ్యలో ఎక్కడ నుంచి వచ్చింది? రెండు నక్షత్రాలు ఒకే వాయువు దుప్పటిలో తిరిగినప్పుడు పుట్టిందని కొందరు, శ్వేతకుబ్జం చల్లబడి లోపల గడ్డకట్టేటప్పుడు డైనమో లాగా పుట్టిందని ఇంకొందరు. ఇది ఇంకా తేలలేదు. తేలాలంటే ఇలాంటి జంటల్ని ఒక్కొక్కటిగా జాగ్రత్తగా కొలవాల్సిందే, అందుకే ఒక విద్యార్థి చేసిన కొలత కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. నాకు ఈ సబ్జెక్ట్ మీద ఇంత ఇష్టం రావడానికి కారణం అదే.

డేటా

స్లోన్ సర్వే, అదే ఎస్‌డీఎస్‌ఎస్, మొదలుపెట్టడానికి అన్నిటికన్నా తేలిక. వెబ్‌సైట్‌లో నక్షత్రం నిర్దేశాంకాలు ఇస్తే స్పెక్ట్రమ్ ఫైలు దిగుతుంది. చైనా వాళ్ల లామోస్ట్, 2025లో మొదటి విడత డేటా బయటపెట్టిన డెసీ కూడా ఉన్నాయి. ఎస్‌డీఎస్‌ఎస్ పాత పరికరం 3800 నుంచి 9200 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా, కొత్తది 3600 నుంచి 10,400 దాకా చూస్తుంది. విభేదన సామర్థ్యం సుమారు 2000, అంటే హెచ్-ఆల్ఫా దగ్గర మూడు ఆంగ్‌స్ట్రామ్‌ల కన్నా దగ్గరగా ఉన్న రెండు గీతలు కలిసిపోయి కనబడతాయి. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

దింపేటప్పుడు చిన్న ఫైలు కాకుండా పూర్తి ఫైలు తీసుకోండి. తెర మీద కనిపించే స్పెక్ట్రమ్ ఒక్కొక్కటి పదిహేను నిమిషాల పాటు తీసిన మూడు, నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ ఎక్స్‌పోజర్లని కలిపి చేసినది. పూర్తి ఫైల్లో ఆ విడి ఎక్స్‌పోజర్లు కూడా ఉంటాయి. జంట నక్షత్రానికి కలిపిన స్పెక్ట్రమ్ అంటే పరిగెత్తే మనిషిని గంట సేపు ఒకే ఫోటోలో తీసినట్టే, విడివి చూస్తే గానీ కదలిక తెలియదు.

ఇంకో విషయం, ఇందులో నేను పప్పులో కాలేశాను కాబట్టి వివరంగా చెబుతున్నాను. ఎస్‌డీఎస్‌ఎస్ ఇచ్చే తరంగదైర్ఘ్యాలు శూన్యంలోవి. మన పాఠ్యపుస్తకాల్లో, ల్యాబ్ చార్టుల్లో ఉండేవి గాలిలోవి. హెచ్-ఆల్ఫా గాలిలో 6562.8, శూన్యంలో 6564.6. తేడా రెండు ఆంగ్‌స్ట్రామ్‌లు కూడా లేదు కదా అనిపిస్తుంది, కానీ హెచ్-ఆల్ఫా దగ్గర ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెకనుకి సుమారు 46 కిలోమీటర్ల వేగం. నేను మొదటి నెలలో కొలిచిన ప్రతి నక్షత్రమూ మన నుంచి సెకనుకి 80 కిలోమీటర్ల పైన దూరంగా వెళ్లిపోతున్నట్టు వచ్చింది, ఒక్కటి కూడా దగ్గరికి రావడం లేదు. రెండు వారాలు ఫిట్టింగ్ కోడ్‌లో తప్పు వెతికాను, టెన్షన్‌తో నిద్ర కూడా సరిగా పట్టలేదు, చివరికి చూస్తే నేను పెట్టుకున్న మూల సంఖ్య గాలిలోది. అప్పటి నుంచి ప్రతి నోట్‌బుక్ మొదటి లైన్‌లో గాలా శూన్యమా అని రాసుకుంటాను, మీరూ రాసుకోండి. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే వేగం, అదే సెకనుకి 30 కిలోమీటర్లు, సర్దుబాటు చేశారో లేదో కూడా అక్కడే రాయండి. వేర్వేరు టెలిస్కోప్‌ల డేటా కలిపినప్పుడు ఈ రెండు లైన్లే కాపాడతాయి.

చీలికను కొలవడం

బలమైన క్షేత్రంలో హైడ్రోజన్ గీత మూడుగా చీలుతుంది, దీన్ని జీమన్ ప్రభావం అంటారు. పుస్తకాల్లో వీటికి గ్రీకు అక్షరాల పేర్లుంటాయి, నేను నడిమి గీత, పక్క గీతలు అనే అంటాను. పక్క గీత నడిమి దాని నుంచి ఎంత దూరం జరుగుతుందనేది సూటిగా క్షేత్రం మీద ఆధారపడుతుంది. లెక్క ఇది: జరిగిన దూరం ఆంగ్‌స్ట్రామ్‌లలో = 4.67 × (పదివేలలో చెప్పిన తరంగదైర్ఘ్యం వర్గం) × 10 × మెగాగాస్‌లు. దీన్ని బట్టీ పట్టక్కర్లేదు, రెండు సంఖ్యలు చాలు. హెచ్-ఆల్ఫాకి మెగాగాస్‌కి 20.1 ఆంగ్‌స్ట్రామ్‌లు, హెచ్-బీటాకి 11.0.

ఒక లెక్క చేసి చూద్దాం. లెక్క కోసం సంఖ్యలు నేనే పెడుతున్నాను, శూన్యం తరంగదైర్ఘ్యాల్లో. ఎడమ గుంట 6527.3 దగ్గర, కుడిది 6599.7 దగ్గర ఉన్నాయనుకోండి. తేడా 72.4, అందులో సగం 36.2, దాన్ని 20.1తో భాగిస్తే 1.8 మెగాగాస్. ఇప్పుడు హెచ్-బీటా దగ్గరికి వెళ్లండి. క్షేత్రం నిజంగా 1.8 అయితే అక్కడ పక్క గీతలు రెండు వైపులా దాదాపు 20 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఉండాలి. ఉన్నాయా? ఉంటే ఊపిరి పీల్చుకోండి. లేకపోతే మీరు చూసింది వేరే ఏదో, రాత్రి ఆకాశపు వెలుగు సరిగ్గా తీసేయకపోవడం వల్ల మిగిలిన మచ్చ కావొచ్చు, గీత పక్కనే కొన్ని పిక్సెల్‌లు పాడై ఉండొచ్చు.

ఇప్పుడు అసలు రుచి ఉన్న చోటికి వద్దాం. ఆ రెండు పక్క గీతల మధ్య బిందువు ఎక్కడుందో చూడండి: 6527.3, 6599.7 కలిపి సగం చేస్తే 6563.5. ఉండాల్సింది 6564.6. అంటే 1.1 ఆంగ్‌స్ట్రామ్ నీలం వైపు జరిగింది, వేగంగా చదివితే సెకనుకి 50 కిలోమీటర్లు మన వైపు వస్తున్నట్టు. ఇది నిజం వేగమేనా? హెచ్-బీటాని అడగండి. అక్కడ జరుగుడు దాదాపు 2 ఆంగ్‌స్ట్రామ్‌లు వస్తుంది, అంటే సెకనుకి 120 కిలోమీటర్లు. ఒకే నక్షత్రం ఒక గీతకి 50, ఇంకో గీతకి 120 వేగంతో రాదు కదా. ఇది వేగం కాదు, క్షేత్రం పని. క్షేత్రం పెరిగే కొద్దీ దాని వర్గంతో పెరిగే రెండో ప్రభావం ఒకటి ఉంది, అది అన్ని గీతల్నీ నీలం వైపు నెడుతుంది, పక్క గీతల్ని నడిమి దానికి రెట్టింపు నెడుతుంది, పైగా హైడ్రోజన్ పై కక్ష్య సంఖ్య నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి పై బామర్ గీతలకి, అంటే హెచ్-ఆల్ఫా, హెచ్-బీటాల వరసలోనే తర్వాత వచ్చే గీతలకి, పోయేకొద్దీ విపరీతం అవుతుంది. 3889 ఆంగ్‌స్ట్రామ్‌ల గీత దగ్గర ఇదే 1.8 మెగాగాస్‌కి పక్క గీతలు 20 ఆంగ్‌స్ట్రామ్‌లు జరుగుతాయి. అందుకే నీలం చివర గీతలు చెదిరి అలుక్కుపోయినట్టు ఉండి, హెచ్-ఆల్ఫా మాత్రం ముచ్చటగా మూడుగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి, అలాగే ఉండాలి.

అయస్కాంత శ్వేతకుబ్జం అసలు వేగం తెలుసుకోవడం కష్టం అనేది దీన్నుంచి తేలేది. దీనికి తోడు శ్వేతకుబ్జం గురుత్వాకర్షణ వల్ల కాంతి ఎరుపు వైపు జరుగుతుంది, మామూలు శ్వేతకుబ్జానికి అది సెకనుకి 30 కిలోమీటర్ల వేగంలా కనిపిస్తుంది. ఒకటి అటు లాగుతుంది, ఒకటి ఇటు. కాబట్టి మొదట్లో అసలు వేగం జోలికి పోవద్దు, ఒక ఎక్స్‌పోజర్ నుంచి ఇంకోదానికి ఎంత మారిందో అదొక్కటే నమ్మండి.

పైన చెప్పిన తేలిక లెక్క కొన్ని మెగాగాస్‌ల దాకా బాగా పనిచేస్తుంది. పది దాటాక తడబడుతుంది, ఇంకా పైకి పోతే ప్రతి క్షేత్రానికీ గీత ఎక్కడుంటుందో క్వాంటం లెక్కలతో ముందే తయారుచేసిన పట్టికలు వాడాలి. వందల మెగాగాస్‌లలో గీతలు గుర్తుపట్టలేనంత దూరం పోతాయి. గ్రూ +70°8247 అనే ఒంటరి శ్వేతకుబ్జం స్పెక్ట్రమ్‌లో వింత పట్టీల్ని మింకోవ్‌స్కీ 1938లోనే చూశాడు, 1970లో జేమ్స్ కెంప్ దాని కాంతిలో వృత్తాకార ధ్రువణం కనిపెట్టి అయస్కాంత క్షేత్రం ఉందని తేల్చాడు, ఆ పట్టీలు హైడ్రోజన్ గీతలే అని లెక్కతో సరిపోల్చడానికి మాత్రం 1980లు రావాల్సొచ్చింది. దాని క్షేత్రం 300 మెగాగాస్‌ల పైనే. గుర్తుపట్టలేని గీతలు కనిపిస్తే ఆ ఫైలు తీసేయకండి అని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఏ గీత ఎవరిది

ఎన్‌ఎల్‌టీటీ 12758 ఇరిడానస్ రాశిలో ఉంది, మనకి చలికాలపు రాత్రుల్లో బాగా కనిపించే చోటు. అడేలా కావ్కా, ఆమె సహచరులు 2017లో దీని మీద ప్రచురించిన పరిశీలన ఈ రకం పనికి చక్కటి నమూనా. రెండూ శ్వేతకుబ్జాలే. ఒకదానికి 3.1 మెగాగాస్ క్షేత్రం, రెండోదానికి కనిపించేంత క్షేత్రం లేదు. 1.154 రోజులకి ఒకసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. అయస్కాంత నక్షత్రం తన చుట్టూ తాను మాత్రం 23 నిమిషాలకే తిరిగేస్తుంది.

ఇక్కడ స్పెక్ట్రమ్‌లో చిక్కు ఏమిటంటే, అయస్కాంతం లేని నక్షత్రం హెచ్-ఆల్ఫా గీతా, అయస్కాంత నక్షత్రం నడిమి గీతా ఒకే చోట పడతాయి. తెర మీద మీకు నడుమ ఒక లోతైన గుంట, పక్కల రెండు చిన్నవి కనబడతాయి. మామూలు జీమన్ లాగే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఒంటరి నక్షత్రంలో మూడింటి లోతుకి ఒక పొందిక ఉంటుంది. ఇక్కడ నడిమిది మరీ లోతు, పక్కవి మరీ పల్చన. ఆ పొందిక తప్పిందంటే ఇంకొకరి వెలుగు కలిసిందేమో అని అనుమానించాలి.

విడదీసే పద్ధతి తేలిక. పక్క గీతలు అయస్కాంత నక్షత్రానివే, అందులో వాటా ఎవరికీ లేదు. కాబట్టి ఒక్కో ఎక్స్‌పోజర్‌లో పక్క గీతలు రెండింటి మధ్య బిందువు కొలిచి, అది ఎలా కదులుతుందో రాసుకోండి, అదే అయస్కాంత నక్షత్రం కదలిక. రెండూ కలిసి ఒకే వైపు జరిగితే అది కక్ష్యలో కదలిక. రెండూ దూరం జరిగి మళ్లీ దగ్గరికి వస్తే అది కదలిక కాదు, నక్షత్రం తిరుగుతూ ఎక్కువ క్షేత్రం ఉన్న ముఖం, తక్కువ ఉన్న ముఖం మార్చి చూపిస్తోంది. ధ్రువం దగ్గర ఉండే క్షేత్రంలో సగమే మధ్యరేఖ దగ్గర ఉంటుంది, అందుకే పక్క గీతలు ఎప్పుడూ కొంచెం వెడల్పుగా, అంచు తెగని గుంటల్లా ఉంటాయి. ఆ తర్వాత నడుమ గుంటని రెండు గీతల మొత్తంగా ఫిట్ చేయండి, ఒకదాని చోటు పక్క గీతల నుంచి ముందే తెలుసు, దాన్ని కదలకుండా కట్టేసి రెండోదాన్ని వదలండి. రెండింటినీ ఒకేసారి వదిలితే ప్రోగ్రామ్ తన ఇష్టం వచ్చినట్టు ఒకదాన్ని ఇంకోదానికి అంటగట్టేస్తుంది.

ఎక్స్‌పోజర్ ఎంత సేపు పెట్టాలనే ప్రశ్న ఇక్కడే వస్తుంది. 23 నిమిషాలకి తిరిగే నక్షత్రాన్ని 20 నిమిషాల ఎక్స్‌పోజర్‌లో పెడితే దాదాపు ఒక చుట్టు మొత్తం కలిసిపోతుంది. కక్ష్య కదలిక ఒక్కటే కావాలంటే అది మంచిదే, తిరుగుడు ప్రభావం సగటు అయిపోతుంది. తిరుగుడు చూడాలంటే మాత్రం మూడు నాలుగు నిమిషాలకి దించాలి, అప్పుడు పెద్ద టెలిస్కోప్ కావాలి. ధ్రువణాన్ని కూడా కొలిచే పరికరం దొరికితే ఇంకా మంచిది, రెండు పక్క గీతలూ వ్యతిరేక వృత్తాకార ధ్రువణం చూపిస్తాయి, ఒకటి మైనస్ అయితే ఇంకోటి ప్లస్. అది కనిపిస్తే ఇక ఎవరూ వాదించలేరు.

కక్ష్యా కాలం పట్టుకోవడం

వేగాలు వచ్చాక లాంబ్–స్కార్గిల్ అనే పద్ధతిలో ఆవర్తనం వెతుకుతారు, ఆస్ట్రోపై అనే పైథాన్ లైబ్రరీలో రెడీగా ఉంది. ప్రోగ్రామ్ నడపడం రెండు లైన్ల పని, వచ్చిన జవాబుని నమ్మడమే కష్టం. 1.154 రోజుల జంటని ఒకే ఊరి నుంచి రోజూ రాత్రి ఒకే వేళకి చూశారనుకోండి, నక్షత్రం ఒక రోజులో 0.867 చుట్టు వేస్తుంది, మీకు మాత్రం రోజుకి 0.133 చుట్టు వెనక్కి వెళ్తున్నట్టు కనిపిస్తుంది. అంటే ఏడున్నర రోజుల కాలం అని గ్రాఫ్ గట్టిగా చెబుతుంది, పగటి పూట చూడలేదు కాబట్టి 0.536 రోజులు అని కూడా చెబుతుంది. మూడు శిఖరాలూ దాదాపు ఒకే ఎత్తు. దీనికి విరుగుడు ఒక్కటే, ఒకే రాత్రిలో సాయంత్రం ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి చూడటం. ఇంకా మంచిది, వేరే రేఖాంశంలో ఉన్న టెలిస్కోప్ కొలతలు కలుపుకోవడం. లద్దాఖ్‌లో హాన్లే దగ్గరున్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌కి ఇక్కడే విలువ, కానరీ దీవులకీ ఆస్ట్రేలియాకీ మధ్యలో పెద్ద ఖాళీ ఉంటే దాన్ని పూడుస్తుంది.

కాలమూ, రెండు నక్షత్రాల వేగాల ఊపూ (సగటు వేగం నుంచి ఒక వైపు ఎంత దాకా పోతుందో అది) తెలిస్తే ద్రవ్యరాశి బయటికొస్తుంది. రెండు ఊపుల మొత్తం ఘనాన్ని రోజులతో గుణించి, దాన్ని మళ్లీ కోటికి 1.036తో గుణిస్తే సూర్యుడి లెక్కలో కనీస మొత్తం ద్రవ్యరాశి వస్తుంది, వంపు కోణం తెలియదు కాబట్టి కనీసం అంటున్నాం. ఎన్‌ఎల్‌టీటీ 12758లో అయస్కాంత నక్షత్రం 0.69, రెండోది 0.83 సూర్యుళ్లు అని తేల్చారు, మొత్తం 1.52. కక్ష్యని అంచు నుంచి చూస్తే రెండు ఊపుల మొత్తం సెకనుకి 233 కిలోమీటర్లు రావాలి, హెచ్-ఆల్ఫా దగ్గర అయిదు ఆంగ్‌స్ట్రామ్‌లు. ఇందాక చెప్పిన మూడు ఆంగ్‌స్ట్రామ్‌ల విభేదనతో పోల్చి చూడండి, కొలవగలం కానీ చాలా జాగ్రత్తగా కొలవాలి. వాటి మధ్య దూరం 37 లక్షల కిలోమీటర్లు, మనకీ చంద్రుడికీ ఉన్న దూరానికి పది రెట్లు కూడా ఉండదు. 1.52 అంటే ఒక శ్వేతకుబ్జం కుంగిపోకుండా మోయగల గరిష్ఠ ద్రవ్యరాశిని, అదే చంద్రశేఖర్ పరిమితి 1.4ని దాటింది. ఇవి దగ్గరికి రావడానికి విశ్వం వయసు కన్నా ఎక్కువ కాలం పడుతుంది, వచ్చిన రోజున మాత్రం సూపర్‌నోవాగా పేలడమో, కుంగిపోయి వేగంగా తిరిగే న్యూట్రాన్ నక్షత్రం అవడమో జరుగుతుందని ఆ పరిశీలకుల అంచనా.

పోలార్ల దగ్గర వేరే లెక్క

ఏఎం హెర్క్యులిస్‌ని మాక్స్ వోల్ఫ్ 1923లో మామూలు చరకాంతి నక్షత్రంగా గుర్తించాడు. 1976లో శాంటియాగో టాపియా దాని కాంతి గట్టిగా ధ్రువణం చెంది ఉందని చూశాక గానీ అసలు సంగతి తెలియలేదు, పోలార్ అనే పేరు ఆ తర్వాత వచ్చిందే. 3.09 గంటల కక్ష్య, సుమారు 14 మెగాగాస్ క్షేత్రం, శ్వేతకుబ్జం ఒకే ముఖాన్ని జోడీ వైపు పెట్టి తిరుగుతుంది.

పోలార్ స్పెక్ట్రమ్ తెరిస్తే కిందికి దిగే గీతలు కాదు, పైకి లేచే ప్రకాశ గీతలు కనబడతాయి, 4686 దగ్గర అయనీకృత హీలియం గీత హెచ్-బీటాతో పోటీ పడుతుంది. చాలామంది ఈ ప్రకాశ గీతల వేగం కొలిచి అదే శ్వేతకుబ్జం వేగం అని రాసేస్తారు. అది తప్పు. ఆ వెలుగు పడుతున్న వాయు ధారది, వేడెక్కిన అరుణకుబ్జం ముఖానిది. ధార వెడల్పు గీత ఇస్తుంది, అరుణకుబ్జం ముఖం సన్నటి గీత ఇస్తుంది, రెండూ ఒకదాని మీద ఒకటి ఉంటాయి. అరుణకుబ్జం కదలిక కావాలంటే 8183, 8195 దగ్గరున్న సోడియం జంట గీతల్ని పట్టుకోండి, శుభ్రంగా ఉంటాయి.

క్షేత్రం కొలవడానికి రెండు దారులున్నాయి. ధార ఆగిపోయి నక్షత్రం మసకబారిన రోజుల్లో శ్వేతకుబ్జం ఉపరితలమే కనిపిస్తుంది, అప్పుడు పైన చెప్పిన జీమన్ పద్ధతే. ధార పడుతున్న రోజుల్లో సైక్లోట్రాన్ గుట్టలు చూడాలి. ధ్రువం దగ్గర వేడి ఎలక్ట్రాన్‌లు క్షేత్రం చుట్టూ గిరగిర తిరుగుతూ ఒక మూల పౌనఃపున్యానికి రెండు, మూడు, నాలుగు రెట్ల దగ్గర వెలుగునిస్తాయి, స్పెక్ట్రమ్‌లో అవి వెడల్పాటి గుట్టల్లా లేస్తాయి. రెండు వరస గుట్టలు దొరికితే చాలు. 7140 దగ్గర ఒకటి, 5950 దగ్గర ఒకటి ఉన్నాయనుకోండి. రెండింటి విలోమాల తేడా తీసి మళ్లీ తిరగేస్తే 35,700 ఆంగ్‌స్ట్రామ్‌లు వస్తుంది, అదే మూల తరంగం. 10,71,000ని దానితో భాగిస్తే 30 మెగాగాస్. 7140 అయిదోది, 5950 ఆరోది. సరిగ్గా చేశారో లేదో తెలియాలంటే నాలుగోది 8925 దగ్గర ఉండాలి, వెళ్లి చూడండి. ప్లాస్మా వేడి వల్ల గుట్టలు కొంచెం ఎరుపు వైపు జరుగుతాయి కాబట్టి వచ్చే క్షేత్రం అసలుకన్నా కాస్త తక్కువే.

ఇక్కడ మోసపోయే చోటు ఒకటుంది. అరుణకుబ్జంలో టైటానియం ఆక్సైడ్ పట్టీలు 7000 దాటాక లోతైన మెట్లు చెక్కుతాయి, వాటి మధ్య మిగిలిన భాగం అచ్చం గుట్టలాగే ఉంటుంది. తేడా పట్టే ఉపాయం: ఒకే రాత్రి కక్ష్యలో రెండు మూడు చోట్ల తీసిన స్పెక్ట్రమ్‌లని ఒకదాని మీద ఒకటి పెట్టండి. ధ్రువం మన వైపు తిరిగే కొద్దీ సైక్లోట్రాన్ గుట్టలు లేస్తాయి, తగ్గుతాయి, పక్కకి కూడా జరుగుతాయి. టైటానియం మెట్లు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. 6870, 7600 దగ్గర కనిపించే గుంటలు మన గాలిలోని ఆక్సిజన్‌వి, వాటిని ముందే గీసి పెట్టుకోండి.

ఏఎం హెర్క్యులిస్ విషయంలో 14 మెగాగాస్‌కి మూల తరంగం 76,500 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర పడుతుంది, అంటే కంటికి కనిపించే కాంతిలోకి వచ్చేసరికి పదో గుట్ట, పదకొండో గుట్ట, అవన్నీ కలిసిపోయి నున్నగా అయిపోతాయి. దాని గుట్టలు విడివిడిగా చూడాలంటే పరారుణంలోకి వెళ్లాలి. 230 మెగాగాస్ ఉన్న ఏఆర్ అర్సా మేజోరిస్ లాంటివైతే మూల తరంగమే నీలం కాంతిలో 4660 దగ్గర ఉంటుంది. కాబట్టి ముందు అంచనా క్షేత్రం, తర్వాత పరికరం ఎంచుకోవడం, ఈ వరస తిప్పకండి.

సొంతంగా టెలిస్కోప్ సమయం అడగాలనుకుంటే, హాన్లే టెలిస్కోప్, నైనితాల్ దగ్గర దేవస్థల్‌లోని 3.6 మీటర్లది, కావలూరులో 2.34 మీటర్ల వైను బప్పు టెలిస్కోప్, ఇవన్నీ ప్రతిపాదనలు తీసుకుంటాయి. ఆ టెలిస్కోప్‌కి పేరిచ్చిన ఖగోళ శాస్త్రవేత్త బప్పు హైదరాబాద్‌లో పెరిగినవాడే, వాళ్ల నాన్న నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు. ప్రతిపాదనలో ఎన్ని రాత్రులు అడుగుతున్నారో కాదు, కక్ష్యలో ఏయే దశలు కావాలో రాయండి, ఎక్స్‌పోజర్ ఎన్ని నిమిషాలో, ఎందుకో ఒక వాక్యంలో చెప్పండి. ఏఎం హెర్క్యులిస్ కావాలంటే జూన్, జులై రాత్రులు బాగుంటాయి, అభిజిత్ నక్షత్రానికి ఉత్తరంగా సుమారు 12 డిగ్రీల దూరంలో ఉంటుంది, హైదరాబాద్ నుంచి కూడా 57 డిగ్రీల ఎత్తుకి లేస్తుంది. కానీ ఆ నెలల్లో మనకి వానలు, అందుకే లద్దాఖ్. వెళ్లే ముందు రోజు చరకాంతి నక్షత్రాల పరిశీలకుల సంఘం ఆవ్సో వెబ్‌సైట్‌లో అది ప్రకాశ పరిమాణం (మాగ్నిట్యూడ్) 13 దగ్గర వెలుగుతోందో 15కి పడిపోయిందో చూసుకోండి, వెలుగుతుంటే ధారని కొలిచే ప్లాన్, పడిపోయి ఉంటే ఉపరితలం మీద జీమన్ గీతలు కొలిచే ప్లాన్. రెండు ప్లాన్లూ ముందే రాసి పెట్టుకోండి, ఆ రాత్రి అక్కడ ఆలోచించే టైమ్ ఉండదు.